ఆటోలో గొంతు

భారతి షట్టరు పైకెత్తి, లోపలి గది గుమ్మానికి వేలాడే పాత దుప్పటిని పక్కకు తోసి, కంప్యూటరు స్విచ్చి వేసింది. అది నింపాదిగా లేచేలోపు చేసే పనులు ఎప్పుడూ ఒకే వరసలో సాగుతాయి. మైకు మీద కప్పిన గుడ్డ తీసి దులిపింది. గోడల నిండా అంటించిన గుడ్ల అట్టల్లో సాలెగూడు కనిపిస్తే చీపురు కొసతో లాగింది. పాత యజమాని జగన్నాధంగారి ఫోటో ముందు అగరొత్తి వెలిగించి, పొగ మైకు వైపు రాకుండా వీధిగుమ్మం దగ్గర గుచ్చింది. తర్వాత కుర్చీలో కూర్చుని, హెడ్‌ఫోన్లు తగిలించుకుని, చీరల దుకాణం వాళ్ళ పాత ప్రకటన ఒకటి పెట్టుకుంది. అందులో ఉన్నది తన గొంతే. అది తేటగా వినబడితే ఆమెకు రోజు మొదలైనట్టు.

ఆ రోజు ఏమీ వినబడలేదు.

వైర్లు కదిపి చూసింది. హెడ్‌ఫోన్లు తీసి స్పీకర్లు పెట్టి చూసింది. చివరికి కంప్యూటరు లోపల ఏయే భాగాలున్నాయో చూపించే పట్టీ తెరిచింది. కీబోర్డు ఉంది, మౌస్ ఉంది, ప్రింటరు కూడా ఉంది. సౌండు కార్డు ఉండాల్సిన చోట మాత్రం ఏమీ లేదు. డ్రైవరు పోతే పక్కన పసుపుపచ్చ గుర్తు ఒకటి వస్తుంది. ఇప్పుడు అదీ లేదు. అంటే కార్డు పాడైందని కూడా ఆ కంప్యూటరు అనడం లేదు. అసలు కార్డే లేదంటోంది.

శ్రీకాకుళంలో ఆ షాపు ఒకప్పుడు క్యాసెట్ల దుకాణం. పొందూరు నుంచి బస్సెక్కి భారతి అక్కడికి పనికొచ్చేనాటికి ఆమెకు ఇరవై ఏళ్ళు నిండలేదు. ఒక పెట్టెలోని పాట ఇంకో పెట్టెలోకి ఎక్కించడం ఆమె పని. ఒకనాడు ప్రకటన చదవాల్సిన మాస్టారు జ్వరమొచ్చి రాలేదు. ప్రకటన ఇచ్చిన పార్టీ వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. జగన్నాధంగారు అటూ ఇటూ చూసి, "నువ్వు చదవమ్మా" అన్నారు. చదివింది. ఆ రోజు నుంచి ఊరికి ఆమె గొంతే గొంతైంది. చీరల తగ్గింపు ధరలు, సర్కస్ ఆటలు, కంటి వైద్య శిబిరాలు, తప్పిపోయిన పిల్లలు, అన్నీ ఆమె నోటి నుంచే ఆటోల మీది హారన్లలోకి వెళ్ళేవి. ప్రతి ప్రకటన చివరా షాపు పేరుండేది. ఆమె పేరు ఎక్కడా ఉండేది కాదు. కూరగాయల సంతలో బేరమాడుతుంటే, వెనక రోడ్డు మీద ఆటోలోంచి తన గొంతే అరుస్తూ పోయేది. వంకాయలు తూచే మనిషి అటు చూసేవాడు, ఇటు చూసేవాడు కాదు.

ఆ గొంతు వల్లనే ఆమెకు పెళ్ళి కాలేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళు కాఫీ తాగేదాకా బాగానే ఉండేవారు. "ఆటోలో అరిచే పిల్లా?" అని తెలిశాక మరి కబురు పంపేవారు కాదు. కొంతకాలం ఏడ్చింది. తర్వాత, అరవడం మానేస్తానని చెప్పి పెళ్ళి చేసుకోమని సలహా ఇచ్చిన మేనమామను గుమ్మంలోంచే తిప్పి పంపేసింది. ఇప్పుడు నలభై దాటి కొన్నేళ్ళయింది. తల్లి లక్ష్మీనరసమ్మకు చెవులు సరిగ్గా వినబడవు. కూతురు ఊరంతటికీ ఏం చెబుతోందో ఆమె ఎన్నడూ వినలేదు.

కార్డు సంగతి అడుగుదామని భారతి నరసింగరావుకు ఫోను చేసింది. షాపు కంప్యూటర్లు చూసేది అతనే. నిన్ననే వచ్చి దుమ్మంతా ఊది, వదులుగా ఉన్నవన్నీ బిగించి వెళ్ళాడు.

"నేను శృంగవరపుకోటలో ఉన్నానక్కా. పట్టీలో కూడా రాట్లేదంటే కార్డు పోయినట్టే. ఆ మోడలు ఇప్పుడు దొరకదు. ఎల్లుండొచ్చి సూస్తాన్లే," అన్నాడు.

మొన్నటి వానాకాలంలో పిడుగుపడి కంప్యూటరులో సొంతంగా ఉన్న సౌండు కాస్తా కాలిపోయింది. అప్పటినుంచి మైకుకైనా స్పీకరుకైనా విడిగా పెట్టిన ఈ కార్డే, ఈ అరచెయ్యంత పచ్చ పలకే దిక్కు. భారతి ఏం చెయ్యాలో తోచక కూర్చుంది.

అప్పుడే ఒక ముసలావిడ గుమ్మంలోకి వచ్చి, షట్టరు పక్క చట్రం పట్టుకుని నిలబడిపోయింది. పొట్టి మనిషి. ఎండకూ ఉప్పుగాలికీ నల్లబడి గట్టిపడిన ఒళ్ళు. ముక్కుకు రెండు పక్కలా బేసర్లు. మెట్లు మూడే అయినా ఎక్కేసరికి ఆయాసం వచ్చింది. గుండెల్లోంచి సన్నగా ఈల వినిపిస్తోంది. ఆమె వెనకే ఖాకీ చొక్కా వేసుకున్న ఆటో మనిషి వచ్చాడు.

"మేం దిబ్బలపాలెం నుంచి వచ్చినామక్కా," అన్నాడతను. "కళింగపట్నం అవతల. నా పేరు నాగబాబు. ఈవిడ మా పెద్దమ్మ, గున్నమ్మ. ఒక రికార్డింగు సెయ్యాల."

విషయం అతనే చెప్పాడు. పాలెం పక్కన మందుల ఫ్యాక్టరీ ఒకటి కడతారట. అందులో వాడేసిన నీళ్ళన్నీ గొట్టం వేసి సముద్రంలోకి వదులుతారట. దాని మీద జనం ఏమంటారో వినడానికి మండలాఫీసు దగ్గర మీటింగు. పంచాయితీ గోడ మీది కాగితంలో వచ్చేవారం అని ఉంది. ఒడ్డు పొడుగునా చేపలు పట్టే పాలేలన్నీ ఆ లెక్కలోనే ఉన్నాయి. తీరా చూస్తే దాన్ని రేపటికి లాగేశారు.

"పేపర్లో ఏసినామంతన్నారు. మా పాలేల్లో పేపరెవులు సదువుతారు? జనం లేకుండా అయిపోనాదనిపించుకోడానికి ఏసిన ఎత్తు. తెల్లారీసరికి మూడాటోలు అన్ని పాలేలూ తిరగాల. సెల్లులో రికార్డు సేసి హారన్లో ఎట్టి సూసినాను. గాలి గోలే గాని మాట తెలట్నేదు."

భారతి ఇబ్బందిగా కదిలింది. "అమ్మా, కంప్యూటరు పాడయింది. పొద్దున్నుంచి సౌండు రావట్లేదు."

గున్నమ్మ నాగబాబు వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. అలవాటైపోయిన మాట విన్నట్టుంది.

"నీకూనా?" అంది. "ఇంకో రెండు సోట్లకి ఎల్లినాం పిల్లా. దిబ్బలపాలెం అన్నామో లేదో, ఆలకీ మిసను పాడైపోనాది."

"నాకు నిజంగానే పాడయిందమ్మా."

"ఆలూ అలగే అన్నారు."

భారతి ముఖం వేడెక్కింది. తెర వాళ్ళ వైపు తిప్పి చూపించబోయింది. చూపిస్తే మాత్రం వాళ్ళకేం తెలుస్తుంది? ఇంతలో ఫోను మోగింది. జగన్నాధంగారి అబ్బాయి పృథ్వీరాజ్. తండ్రి పోయాక షాపు అతనిదే. లాగూ తొడుక్కునే వయసులో ఈ గదిలోనే పాత క్యాసెట్ల రీళ్ళు లాగి ఆడుకునేవాడు.

"అక్కా, ఎవరో పాలెం వాళ్ళు వస్తారు. ఫ్యాక్టరీ గొడవ. ఫ్యాక్టరీవాళ్ళు ఫ్లెక్సీలన్నీ మనకే ఇస్తున్నారు కదా, మనకెందుకు ఈ తలనొప్పి. సిస్టం పాడైందని చెప్పీ."

"నిజంగానే పాడయింది బాబూ."

అటువైపు నుంచి నవ్వు వినబడింది. "మంచిదే కదా! ఇంకేం, అలాగే ఉంచీ."

భారతి ఫోను పెట్టేసింది. పొద్దున్నుంచీ పనిచెయ్యని కార్డు మీద ఉన్న చికాకు పక్కకు పోయి, దాని స్థానంలో ఇంకేదో వచ్చి కూర్చుంది. అలాగే ఉంచీ. ఇప్పుడామె చెయ్యాల్సిందల్లా ఏమీ చెయ్యకుండా ఉండడమే. రేపు ఎవరు అడిగినా అబద్ధం చెప్పనక్కర్లేదు. ఎవరూ తప్పు పట్టరు.

ఆమె లేచి, ప్లగ్గు పీకేసి, డబ్బా పక్కరేకు ఊడదీసింది.

"కూర్చోండమ్మా," అంది. "చూద్దాం, ఎందుకు రాదో."

కార్డును పట్టి ఉంచేది ఒక్కటే స్క్రూ. దాన్ని విప్పి, పలకను రెండు వేళ్ళతో నెమ్మదిగా పైకి లాగింది. అడుగు అంచున బంగారు రంగు పళ్ళు వరసగా ఉన్నాయి. ఉప్పుగాలికి మసకబారాయి. సొరుగులోంచి రబ్బరు తీసి ఒక్కో పన్నూ తోమింది. ఇంట్లో తల్లి పొందూరు ఖద్దరు నూలు కోసం వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతుంది. ఆ సన్నటి పళ్ళ మధ్య నలుసు మిగిలితే దారం తెగుతుందని మళ్ళీ మళ్ళీ దులుపుతుంది. భారతి చేతులకు ఆ ఓపిక ఎక్కడినుంచి వచ్చిందో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు.

కార్డు పెట్టి, స్క్రూ బిగించి, స్విచ్చి వేసింది. రాలేదు. ఆపి, పక్క గాడిలో పెట్టి, బిగించి వేసింది. అక్కడా రాలేదు. గున్నమ్మ స్టూలు మీద కూర్చుని, నాగబాబు ఆటో బాగుచేసుకుంటుంటే చూసినట్టు చూస్తోంది.

"నీ గొంతు నాకు తెలుసు పిల్లా," అంది ఉన్నట్టుండి.

భారతి తలెత్తింది.

"సీరలాటోలో నువ్వే గదా? సర్కసు కూడా నువ్వే. మొన్న జాతరలో సిన్న గుంట తప్పిపోతే సెప్పినావు గదా, అది నాను ఇన్నాను. ఆ రోజు నీ గొంతులో జీర వచ్చినాది."

పాతికేళ్ళకు పైగా చేస్తున్న పని. అంతకాలంలో గొంతు విని ఆమెను గుర్తుపట్టిన మొదటి మనిషి ఈ చేపలావిడ. భారతి స్క్రూడ్రైవరు చేతులు మార్చుకుంది.

"ఎలా తెలిసిందమ్మా?"

"నానూ గొంతుతోనే గదా బతికినాను. సేపల గంపెత్తుకుని ఊరూరా అరిసినాను. ఏ ఈదిలో ఎంత గట్టిగా అరిస్తే ఏ తలుపు తీస్తాదో నాకు తెలుసు."

మూడోసారి కార్డు పెట్టేటప్పుడు భారతికి విసుగొచ్చింది. స్క్రూ చేతిలోంచి జారి, దొర్లి బల్ల కిందికి పోయింది. వెతక్కుండానే స్విచ్చి వేసింది. కంప్యూటరు లేచి, మూలన చిన్న బుడగ పొంగించింది. కొత్త పరికరం కనబడిందని. స్పీకర్లు టుక్కుమన్నాయి.

"వచ్చింది!" అని భారతి అరిచింది. ఆ అరుపుకు, బయటికెళ్ళి ఆటోలో కూర్చున్న నాగబాబు దిగి పరుగెత్తుకొచ్చాడు.

స్క్రూ వెతికి, కంప్యూటరు ఆపి, బిగించి మళ్ళీ వేసింది. కార్డు మళ్ళీ మాయమైంది.

ఈసారి ఆమెకు కోపం రాలేదు. ఫోనులోని లైటు వెలిగించి నాగబాబు చేతికిచ్చి, లోపలికి పట్టమంది. మొహం డబ్బాలో పెట్టి, స్క్రూను ఒక్కో చుట్టూ తిప్పుతూ చూసింది. బిగించిన కొద్దీ కార్డు ముందున్న రేకు కిందికి దిగుతోంది. దానితో పాటు పలక వెనక అంచు గాడిలోంచి బియ్యపుగింజంత పైకి లేస్తోంది. రేకు ఎప్పుడో వంగింది. ఇన్నాళ్ళూ స్క్రూ వదులుగా ఉంది కాబట్టి పని జరిగింది. నరసింగరావు నిన్న మంచి చెయ్యబోయి గట్టిగా బిగించాడు.

గున్నమ్మ కూడా వంగి చూసింది. "అంతలాగ నొక్కితే లెగదేటి మరి," అంది.

భారతి స్క్రూ తీసి సొరుగులో పడేసింది. పాత క్యాసెట్టు అట్ట ఒకటి మడతలు పెట్టి, కార్డు కదలకుండా రేకు పక్కన దోపింది. సౌండు వచ్చింది. చీరల ప్రకటన ఒక ముక్క వినిపించింది. వెంటనే ఆపేసి మైకు సరిచేసింది.

"రాసిచ్చారా? నేను చదువుతాను," అంది.

గున్నమ్మ తల అడ్డంగా ఊపింది. "కోపం తెచ్చుకోకు. నీ గొంతు ఇంటే మా ఆడోలు సీరలనుకుని పడుకుంతారు. పాలేలు లెగవు. నాను పిలవాల. ఎనకటి తుపానప్పుడు సముద్రం పైకొచ్చినప్పుడు ఈది ఈదికీ అరిసి లేపినాను. ఆలకి నా అరుపు తెలుసు."

భారతికి కోపం రాలేదు. నిజమే అనిపించింది. మైకు గున్నమ్మ నోటికి ఎదురుగా దించింది. కాని స్టూలు మీద కూర్చున్న మనిషికి మాట పెగల్లేదు. ఆఫీసరు ముందు నిలబడ్డట్టు గొణిగింది. రెండుసార్లు అలాగే అయింది. మూడోసారి తనే లేచి నిలబడింది.

"కూకుని పిలిస్తే ఎవులొస్తారు?" అని, గోడ వైపు తిరిగి, అరచెయ్యి నోటి పక్కన పెట్టుకుంది. భారతి ఆ అలవాటు చూసి, మైకును ఆమె ఎదుటికి తిప్పి, రెండు మూరలు దూరంగా జరిపింది.

"ఓలమ్మా! ఓలయ్యా! లెగండర్రా! నాను దిబ్బలపాలెం గున్నమ్మని. ఈరోజే మీటింగు. వచ్చేవారమని మనకి సెప్పినారు గాని అది అబద్దం. ఈరోజే, ఇప్పుడే, మండలాఫీసు కాడ. వలలు రేపు కుట్టుకుందురు. సేపలు రేపు ఎండేసుకుందురు. గొట్టం దించీసినాక ఎండెయ్యడానికి సేపలేవి? ఒకరెల్తే కసురుతారు. పదిమంది ఎల్తే కూకోమంతారు. అందరం ఎల్తే, ఆలే కుర్సీలోంచి లెగాల! పిల్లల్నెత్తుకుని రండి. ముసిలోల్ని నడిపించుకుని రండి. నాను ముందెల్తన్నాను, మీరు నా ఎనకాల రండి!"

తెర మీద పచ్చగీతలు ఎర్రబడి పైదాకా తన్నాయి. గుడ్ల అట్టలు ఆ గొంతును మింగలేకపోయాయి. వీధిలో పోయేవాళ్ళు ఆగి లోపలికి చూశారు. అయిపోయాక గున్నమ్మ గోడకు చెయ్యి ఆనించి, చాలాసేపు ఊపిరి తీసుకుంది. భారతి నీళ్ళిచ్చింది. రెండు గుక్కలు తాగి, "మల్లీ సెప్పమంతావేటి?" అని అడిగింది.

"అక్కర్లేదమ్మా. ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు."

చివర షాపు పేరు చదవాలి. అది పద్ధతి. భారతి మైకు దగ్గరికి లాక్కుని, బటన్ మీద వేలు పెట్టి ఆగింది. జగన్నాధంగారి ఫోటో వైపు చూడలేదు. బటన్ నొక్కి, చీరలకూ సర్కసుకూ వాడిన అదే తేటగొంతుతో, ఒక్కో అక్షరం విడదీసి పలికింది.

"ఈ మాటలు రికార్డు చేసినది, పొందూరు భారతి."

పెన్‌డ్రైవుల్లోకి ఎక్కిస్తుండగా పృథ్వీరాజ్ వచ్చాడు. గున్నమ్మ అప్పటికే నాగబాబు భుజం పట్టుకుని మెల్లగా మెట్లు దిగుతోంది. పృథ్వీరాజ్ వాళ్ళకు దారిచ్చి, లోపలికొచ్చి, తెర మీద కదిలే గీతలు చూశాడు.

"పాడైందన్నావు కదక్కా?"

"బాగుచేశాను."

"ఎందుకు బాగుచేశావు?"

"నా పని అదే కదా బాబూ."

అతను హెడ్‌ఫోన్లు తీసుకుని విన్నాడు. మధ్యలో ఒకసారి కనుబొమలు ముడిచాడు. చివరికొచ్చేసరికి మొహం మారిపోయింది. "నీ పేరెందుకు పెట్టావు?"

"షాపు పేరు నీకు ఇష్టముండదని. ఎవరో ఒకరు చేసినట్టు ఉండాలి కదా."

"ఫ్యాక్టరీవాళ్ళకి నువ్వెక్కడ పనిచేస్తావో తెలీదా? ఆ ఒక్క ముక్క తీసీ అక్కా. నీకు దండం పెడతాను. ఆటోవాడు ఇక్కడే ఉన్నాడు, వేరేది ఎక్కించి ఇచ్చీ. ఏమీ జరగనట్టు రేపు రా."

"తియ్యను."

చిన్నప్పటినుంచి ఆమె గొంతు వింటూ పెరిగినవాడు. ఆ మాటలో ఇక బేరం లేదని అతనికి తెలిసింది. "అయితే రేపట్నుంచి రానక్కర్లేదు," అన్నాడు. అని, తన మాటకు తనే భయపడ్డట్టు గబగబా బయటికి పోయాడు. తాళంచెవులు అడగడం మర్చిపోయాడు.

భారతి మిగిలిన పెన్‌డ్రైవు కూడా ఎక్కించింది. మూడింటినీ నాగబాబు చేతిలో పెట్టి, ఒక్కొక్కటీ ఆటోలో పెట్టి వినమని చెప్పింది. వెనక సీట్లో గున్నమ్మ కళ్ళు మూసుకుని కూర్చుంది. ఆటో కదులుతుంటే కళ్ళు తెరవకుండానే చెయ్యెత్తి ఊపింది. భారతి లోపలికొచ్చి కంప్యూటరు ఆపి, మైకు మీద గుడ్డ కప్పి, దీపం తీసేసి, షట్టరు దించి బస్సెక్కింది. పొందూరు చేరేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఏడుపు వస్తుందేమోనని ఎదురుచూసింది. రాలేదు.

తెల్లవారుతుండగా ఫోను మోగింది. లక్ష్మీనరసమ్మ అప్పటికే రాట్నం ముందు కూర్చుంది. నాగబాబు గొంతు వెనక ఆడవాళ్ళ ఏడుపులు వినిపిస్తున్నాయి.

"పెద్దమ్మ ఎల్లిపోనాదక్కా. నిద్దట్లోనే. ఇప్పుడే సూసినాం." వెనకవాళ్ళను కాస్త ఊరుకోమన్నాడు. "ఆటోలకి హారన్లు కట్టీసి ఉన్నాయి. మావోలు కొందరు వద్దంతన్నారు. సచ్చిపోయిన మనిసి గొంతు ఈదుల్లో తిప్పుతావేట్రా అంతన్నారు. కొందరు బండి తియ్యమంతన్నారు. నాకేటీ తోసట్నేదు."

భారతి గోడకు ఆనుకుంది. తల్లి ఏమిటని కళ్ళతో అడిగింది. ఆమె చెయ్యి ఊపి ఆగమంది.

"నాగబాబూ," అంది చివరికి. "ఆమె మిమ్మల్ని అడగలేదు. చెప్పింది. నువ్వు విన్నావు, నేను విన్నాను. ఇంకా విననివాళ్ళు ఉన్నారు కదా. బండి తియ్యి."

తాళాలు అప్పగించడానికి భారతి శ్రీకాకుళం బస్సులో వెళ్తుండగా నాగబాబు మళ్ళీ ఫోను చేశాడు. ఈసారి ఏడుపులు లేవు. జనం హోరు. అతను గొంతు చించుకుని అరిస్తేగాని వినబడలేదు.

"అన్ని పాలేలూ కదిలినాయక్కా! ఆటో ఎల్లిన సోటల్లా తలుపులు తీసుకుని ఏడుత్తూనే నడిసినారు. మండలాఫీసు ఈది పట్టట్నేదు. ఆపీసర్లు కూకున్నారు గాని, ఒక్కొక్కలూ మైకు తీసుకుని వద్దంటే వద్దనీసి సెప్తన్నారు. రాసుకోక ఏటి సేస్తారు? ఇది అయినాక ఎల్లి పెద్దమ్మ సవాన్ని ఎత్తుతాం." ఊపిరి తీసుకుని మళ్ళీ అన్నాడు. "పక్క పాలెమోలు అడుగుతన్నారు, ఈ భారతెవులనీసి."

"నేనేనని చెప్పు," అంది భారతి. గట్టిగానే అంది. ముందు సీట్లో మనిషి వెనక్కి తిరిగి, ఆమె మొహంలోకి చూశాడు.

షాపు మూసే ఉంది. పృథ్వీరాజ్ ఇంకా రాలేదు. తాళాలు పక్క జెరాక్సు దుకాణంలో ఇచ్చి పోదామనుకుంది. కాని సొరుగులో తన కళ్ళజోడు, కప్పు ఉండిపోయాయి. షట్టరు సగం ఎత్తి, వంగి, దుప్పటి తోసుకుని లోపలికి వెళ్ళింది. కళ్ళజోడు తీసుకుంది. కప్పు కొంగుతో తుడిచి సంచిలో వేసుకుంది. ఫోటో ముందు ఒక్క క్షణం నిలబడి, తిరిగి వెళ్ళబోతూ స్టూలు వైపు చూసింది.

నిన్న స్టూలు చెక్క గుచ్చుకుందేమో, ముసలావిడ నడుముకు దోపుకున్నది తీసి కింద వేసుకుని కూర్చుంది. లేచి నిలబడి పిలిచాక అది స్టూలు మీదే ఉండిపోయింది, ఎవరికీ గుర్తు రాలేదు. పాత చీర పేలికలు మెలిపెట్టి చుట్టిన చుట్టకుదురు. ఎన్నో ఏళ్ళు గంప కింద నలిగి రాయిలా గట్టిపడింది. మడతల్లో ఎండిన పొలుసులు రెండు అతుక్కుని ఉన్నాయి. సగం ఎత్తిన షట్టరు కిందినుంచి వచ్చిన ఎండ వాటి మీద పడి మెరుస్తోంది. నడుమ, తల ఆనే చోట, గుండ్రటి ఖాళీ.